వెన్నుపాము దెబ్బ తర్వాత నొప్పి, కుంగుబాటు: అడుగడుగునా ఏం చేయాలి

గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి జారి పడతాడు. సెంట్రింగు పనికి వెళ్లిన కుర్రాడు మూడో అంతస్తు నుంచి పడతాడు. బైకు మీద వెళ్తున్న మనిషిని వెనక నుంచి లారీ గుద్దుతుంది. వెన్నుపాముకు దెబ్బ ఎలా తగిలినా, ఆపరేషన్ చేసి రాడ్లు వేసి ఇంటికి పంపాక ఆ ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘అంత దెబ్బ తగిలాక నొప్పి ఉండదా మరి’. ‘కాళ్లు పడిపోతే దిగులు ఉండదా ఎవరికైనా’. రెండూ ఓదార్పుగా అనే మాటలే. వైద్యం ఆగిపోయేది కూడా సరిగ్గా వాటి దగ్గరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో నూటికి 20 నుంచి 30 మందిలో డిప్రెషన్ లక్షణాలు గట్టిగా కనిపిస్తాయి. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. కానీ అదే లెక్కను తిప్పి చూడండి: 70 మందికి పైగా ఆ స్థితిలోకి వెళ్లడం లేదు. ఏడుస్తారు, కోప్పడతారు, మెల్లగా తేరుకుంటారు. కాబట్టి నెలల తరబడి మంచం దిగకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్న మనిషిని చూసి ‘సహజమే’ అనుకోవద్దు. అది వైద్యం ఉన్న జబ్బు. నొప్పి సంగతి వేరు. దీర్ఘకాలం నొప్పితో బతికేవాళ్లు మూడింట రెండు వంతుల మంది దాకా ఉంటారు. దాన్ని పూర్తిగా పోగొట్టలేకపోయినా, తగ్గించడానికి చేయగలిగింది చాలా ఉంది.

రాత్రంతా కాళ్ల మంటలతో నిద్రపట్టని మనిషికి పొద్దున ఫిజియో చేసే ఓపిక ఉండదు. ఫిజియో మానేస్తే కీళ్లు బిగుస్తాయి, నొప్పి పెరుగుతుంది. గోడకేసి చూస్తూ పడుకుంటే ధ్యాసంతా నొప్పి మీదే. సర్జన్ గారు ఎక్స్‌రే చూసి ‘రాడ్లు బాగానే ఉన్నాయి’ అంటారు, మనసు డాక్టరు ‘నొప్పి సంగతి వాళ్లను అడగండి’ అంటారు. మధ్యలో పేషెంటు ఇరుక్కుంటాడు. అందుకే ఈ రెండింటినీ కలిపే పట్టించుకోవాలి.

1. నొప్పి ఏ రకమో ముందు తేల్చుకోండి

‘నొప్పిగా ఉంది సార్’ అంటే రాసిచ్చేది మామూలు నొప్పి మాత్ర. చాలాసార్లు అది పనిచేయదు. ఎందుకంటే ఈ దెబ్బ తర్వాత వచ్చే నొప్పి ఒక్క రకం కాదు.

మొదటిది కండరాలు, కీళ్లది. స్పర్శ ఉన్న భాగంలో వస్తుంది. లాగినట్టు, సలిపినట్టు ఉంటుంది. కదిపితే పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది. వీల్‌చైర్ తోసుకునేవాళ్ల భుజాలు, మణికట్టు, మెడ, రాడ్లు వేసిన చోటు దీనికి ఇళ్లు.

రెండోది నరాల నొప్పి. దీని గురించి చెప్పేటప్పుడు మాటలే మారిపోతాయి. మంట, కరెంటు షాకు, సూదులు గుచ్చడం, చీమలు పాకడం, మంచులో పెట్టినట్టు జిల్లుమనడం, దెబ్బ తగిలిన మట్టంలో నడుం చుట్టూ పటకా బిగించినట్టు పట్టేయడం. దుప్పటి తగిలినా భరించలేకపోవచ్చు. దెబ్బ తగిలిన రోజే రానక్కర్లేదు, వారాలు, నెలలు గడిచాక కూడా మొదలవుతుంది. గిల్లితే తెలియని కాళ్లు మండడమేమిటని చుట్టుపక్కల వాళ్లు అనుమానంగా చూస్తారు. ఫంక్షన్ హాల్లో మైకు తీగ తెగితే మాట రాదు, గరగర మాత్రం ఆగదు. ఇదీ అంతే. కాళ్ల నుంచి కబురు రావడం ఆగిపోయింది, దెబ్బతిన్న నరాలు, వాటిపైన ఉన్న వెన్నుపాము, మెదడు తమంతట తామే సంకేతాలు పుట్టిస్తున్నాయి. నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. మంటలు మొదలవగానే ‘నరాలకు ప్రాణం వస్తోంది, ఇక లేస్తాడు’ అని ఇంట్లో సంబరపడతారు. మంట వచ్చినంత మాత్రాన కాళ్లు తిరిగి వస్తున్నట్టు కాదు. ఆ ఆశతో నెలలు ఎదురుచూసి, ఏమీ కదలకపోతే పడే కుంగుబాటు ముందున్నదానికంటే లోతుగా ఉంటుంది.

మూడోది పొట్ట లోపలి నొప్పి: మోషన్ బిగుసుకుపోవడం, మూత్రాశయం నిండిపోవడం, రాళ్లు. ఎక్కడుందో చెప్పలేని ఉబ్బరంగా, వికారంగా తెలుస్తుంది. ఇవి కాక కాళ్లు బిగుసుకుని ఎగరడం వల్ల వచ్చే బాధ మరొకటి.

ఒక వారం నోటుపుస్తకంలో రాయండి. ఎక్కడ, ఎలా ఉంది (మీ మాటల్లోనే), సున్నా నుంచి పదిలో పొద్దున ఎంత, రాత్రి ఎంత, దేనివల్ల పెరిగింది, దేనివల్ల తగ్గింది. మనిషి బొమ్మ గీసి నొప్పి ఉన్న చోట రంగు పూసినా చాలు. స్కానింగు చెప్పలేనిది చాలాసార్లు ఈ కాగితం చెబుతుంది.

2. నొప్పి ఉన్నట్టుండి మారిందా? కారణం వెతకండి

పాత నొప్పి అకస్మాత్తుగా పెరిగినా, కాళ్లు ముందెన్నడూ లేనంతగా ఎగురుతున్నా, స్పర్శ లేని భాగంలో ఏదో జరుగుతోందని అర్థం. వరసగా చూడండి. మూత్రం మబ్బుగా, వాసనగా ఉందా, జ్వరం ఉందా? మోషన్ అయి ఎన్ని రోజులైంది? పిరుదులు, మడమలు, తుంటి దగ్గర ఎర్రబడిందా, పుండు పడిందా? కాలిగోరు లోపలికి పెరిగిందా? ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు; ఆ కాలిని పిసకకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. తుంటి, మోకాలు వాచి మడత పడకపోతే ఎముక విరిగి ఉండొచ్చు, కండరాల మధ్య కొత్త ఎముక పెరుగుతూ ఉండొచ్చు. దెబ్బ తగిలిన నెలలకో ఏళ్లకో నొప్పి పైకి పాకుతూ, ఇంతకుముందు పనిచేసిన చేతుల్లో పట్టు తగ్గుతుంటే ఎంఆర్ఐ అవసరం. వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడితే ఇలా జరుగుతుంది.

ఒక్క పరిస్థితిలో మాత్రం నిమిషాలు లెక్క. డిశ్చార్జి కాగితంలో ‘టీ6’ (వెన్నులో ఛాతీ భాగపు ఆరో మట్టం) లేదా అంతకంటే పై మట్టం రాసి ఉన్నవాళ్లకు తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, దెబ్బ మట్టానికి పైన చెమటలు, ముక్కు దిబ్బడ ఒక్కసారిగా వస్తే దాన్ని ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. వెంటనే మనిషిని కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేయండి, పడుకోబెట్టవద్దు. బెల్టు, బిగుతు బట్టలు, యూరిన్ బ్యాగు పట్టీ వదులు చేయండి. యూరిన్ పైపు మెలిపడిందా, అడ్డుపడిందా చూసి సరిచేయండి. పైపు లేకపోతే మూత్రం తీయించండి. తర్వాత మోషన్, ఆ తర్వాత చర్మం. కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే 108.

చిన్న ఆస్పత్రుల్లో దీన్ని పట్టుకోలేకపోవడానికి ఒక కారణం ఉంది. మెడ దగ్గర దెబ్బతిన్నవాళ్ల మామూలు బీపీలో పై అంకె 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. అలాంటి మనిషికి 140 చూపిస్తే ‘కొంచెమే ఎక్కువ’ అంటారు. నిజానికి అది అత్యవసరం. మీ మామూలు బీపీ ఎంతో, ఈ జబ్బు పేరేమిటో ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి.

3. ఇంట్లో మానేయాల్సినవి

స్పర్శ లేని కాళ్లకు ఉప్పు కాపడం, వేడినీళ్ల సంచి, ఇసుక మూట పెట్టవద్దు. చర్మం కాలుతున్నా మనిషికి తెలియదు. నొప్పి తగ్గించబోయి మిగిల్చుకునేది నెలల తరబడి మానని పుండు. వేసవిలో ఎండకు కాగిన వీల్‌చైర్ ఇనుము, ఒళ్లో పెట్టుకున్న వేడి టీ గ్లాసు కూడా ఇంతే. నాటు మర్దన పేరుతో గట్టిగా పిసికి, కీళ్లు విరిచినట్టు లాగడం వద్దు. ఆ ఎముకలు అప్పటికే పలచబడి ఉంటాయి. మెత్తగా నూనె రాయడం, ఫిజియో నేర్పినట్టు కాళ్లు మెల్లగా చాపి మడవడం మంచివే.

ఇక ‘స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో నడిపిస్తాం’ అనే ప్రకటనలు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్ ఆమోదం పొందిన చికిత్స కాదు, అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగా మాత్రమే ఇవ్వాలి. పరిశోధన అయితే పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. పొలం అమ్మి కట్టాల్సి వస్తోందంటే అక్కడే ఆగండి. ఆ డబ్బుతో మంచి వీల్‌చైర్, పుండ్లు పడనివ్వని కుషన్, బాత్రూమ్ మార్పులు చేయించుకుంటే నొప్పీ తగ్గుతుంది, దిగులూ తగ్గుతుంది.

4. మందులు: ఏది దేనికి

డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్రలు భుజం నొప్పికి కొద్ది రోజులు పనికొస్తాయి. నరాల మంటకు దాదాపు దండగ. పైగా మూత్రాశయ సమస్యల వల్ల కిడ్నీలకు ముందే ముప్పున్న మనిషి వాటిని మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగితే కిడ్నీలు, పొట్ట దెబ్బతింటాయి.

నరాల నొప్పికి సాధారణంగా ముందు వాడేవి ప్రీగాబలిన్, గాబాపెంటిన్. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో మగత, కళ్లు తిరగడం ఉంటాయి. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ డిప్రెషన్‌కూ నరాల నొప్పికీ రెండింటికీ వాడే మందులు. అందుకే నొప్పి డాక్టరుకు మీ మనసు స్థితి, మనసు డాక్టరుకు మీ నొప్పి తెలియాలి. రెండు చీటీల్లో రెండేసి మాత్రల బదులు ఒక్కదానితో పని జరగొచ్చు. అమిట్రిప్టిలిన్ వల్ల మోషన్ గట్టిపడుతుంది, మూత్రం నిలిచిపోతుంది. వెన్నుపాము దెబ్బ ఉన్నవాళ్లకు ఇవి చిన్న విషయాలు కావు, అడిగి తీసుకోండి.

ట్రమడాల్‌కు అలవాటు పడే ప్రమాదం ఉంది, మలబద్ధకమూ వస్తుంది. డిప్రెషన్ మందులతో కలిస్తే కొందరికి ప్రమాదం. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అన్ని చీటీలూ చూపించండి. కాళ్లు ఎగరడం తగ్గించే బాక్లోఫెన్‌ను, ప్రీగాబలిన్‌ను ఊరెళ్లామనో స్టాకు అయిపోయిందనో ఒక్కసారిగా ఆపవద్దు. ఫిట్స్ దాకా రావచ్చు. ఈ మందుల మీద కల్లు, మద్యం తాగితే మగత పెరిగి ఊపిరి మందగిస్తుంది.

ఎంత తగ్గితే మందు పనిచేసినట్టు? పదిలో 8 ఉన్నది 5కి వచ్చి, రాత్రి నాలుగు గంటలు నిద్ర పట్టిందంటే అది గెలుపే. సున్నా కావాలని పట్టుబట్టి డాక్టర్లను మారుస్తూ తిరిగేవాళ్లు ఆ గెలుపును గుర్తించకుండానే మందు మానేస్తుంటారు.

5. భుజాలను కాపాడుకోండి

కాళ్లు పనిచేయనప్పుడు ఇక నడిపించేవి భుజాలే. ఆస్పత్రి వరండాల్లో కనిపించే బరువైన, వెడల్పాటి వీల్‌చైర్ మనిషిని ఇటునుంచి అటు తోయడానికి చేసింది, రోజంతా బతకడానికి కాదు. మీ తుంటి వెడల్పుకు సరిపోయే తేలికైన కుర్చీ తీసుకోండి. చక్రాన్ని చిన్న చిన్న కుదుపులతో కాకుండా పొడవుగా, నిదానంగా తోయండి. వదిలాక చేతిని చక్రం అంచుకు కిందుగా వెనక్కి తెచ్చుకోండి. మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉండేలా చూసి, మధ్యలో నున్నటి చెక్కపలక వేసి జరగండి.

6. దిగులా, డిప్రెషనా?

దిగులు అలలు అలలుగా వస్తుంది. పొద్దున ఏడ్చిన మనిషి సాయంత్రం మనవరాలు ఒళ్లో కూర్చుంటే నవ్వుతాడు, క్రికెట్ స్కోరు అడుగుతాడు. డిప్రెషన్‌లో ఆ సందు మూసుకుపోతుంది. రెండు వారాలుగా, దాదాపు రోజంతా, మనసు కుంగి ఉందా? ఇంతకుముందు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయిందా? ఈ రెంటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టరుతో మాట్లాడాల్సిందే.

ఆస్పత్రుల్లో వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితంలో మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే లోతుగా చూస్తారు. అయితే నిద్ర, నీరసం, ఆకలి గురించిన ప్రశ్నలకు ఈ దెబ్బ ఒక్కటే కారణమై ఉండొచ్చు. రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంటే ఎవరికి నిద్రపడుతుంది? కాబట్టి మనసుకు సంబంధించినవాటిని గట్టిగా చూడండి: ‘నా వల్ల అందరికీ భారం’ అనే మాట పదే పదే రావడం, ఏది చెప్పినా ‘దేనికిలే’ అనడం, ఫిజియో వచ్చే వేళకు నిద్ర నటించడం, యూరిన్ తీయించుకోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేయడం, పుండు పడుతోందన్నా పట్టించుకోకపోవడం. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం, మొండితనం అంటారు. నా అభిప్రాయంలో ఫిజియో మానేయడమే చాలామందిలో డిప్రెషన్ మొదటి గుర్తు.

రక్తహీనత, థైరాయిడ్, బీ12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి, పరీక్ష చేయించండి. పడినప్పుడు తలకూ దెబ్బ తగిలి ఉంటే మతిమరుపు, చిరాకు, ముక్కోపం దానివల్ల కావచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పడం మరచిపోవద్దు.

7. నిజం చెప్పించుకోండి

మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఇదేనని అనుకుంటాను. డాక్టరును పక్కకు పిలిచి ‘సార్, వాడికి మాత్రం చెప్పకండి, తట్టుకోలేడు’ అంటారు. ఆయన సరేనంటారు. ఆ తర్వాత ఇంట్లో అందరూ ‘ఆర్నెల్లలో లేస్తావురా’ అంటుంటారు. లేచేవాడికి వీల్‌చైర్ నేర్చుకోవాల్సిన పనేముంది? బాత్రూమ్ తలుపు వెడల్పు చేయించడమెందుకు? అలా ఏడాది గడుస్తుంది. నిజం ఎలాగూ తెలుస్తుంది, కాకపోతే ఒంటరిగా, యూట్యూబులో తెలుస్తుంది.

డాక్టరును సూటిగా అడగండి: దెబ్బ ఏ మట్టంలో ఉంది, పూర్తిగానా పాక్షికంగానా, నా బోటివాళ్లలో ఏడాదికి ఏం తిరిగి వచ్చే అవకాశం ఉంది, ఏది రాదు? నరాల పనితీరు తిరిగి రావడం ఎక్కువగా మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలల్లో జరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ‘పాక్షికం’ అంటే ఆశ ఎక్కువ. జవాబు చేదుగా ఉంటే ఆ రాత్రి, ఆ వారం మనిషిని ఒంటరిగా వదలవద్దు. దాంపత్యం, పిల్లల గురించి కూడా అడగండి. ఎవరూ నోరెత్తని ఈ ప్రశ్న లోపల లోపలే మనిషిని తినేస్తుంది. మగవాళ్లకు మందులు, ఇతర పద్ధతులు ఉన్నాయి; ఆడవాళ్లలో చాలామందికి నెలసరి తిరిగి మొదలై, గర్భం కూడా వస్తుంది.

అదే దెబ్బతో ఏళ్లుగా బతుకుతున్న మనిషిని ఒక్కసారి కలిపించండి. పది కౌన్సెలింగులు చేయలేని పని ఆ ఒక్క గంట చేయొచ్చు. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రం ఆమె చేతుల మీదుగానే ఎదిగింది. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఇప్పటికీ అక్కడికి వెళ్తుంటారు. ఆమె కథ చెప్పి ‘అలా ఉండు చూద్దాం’ అని దెప్పకండి. అలాంటి కేంద్రంలో పక్క మంచం మీద తనలాంటివాడే సొంతంగా లుంగీ కట్టుకోవడం చూడడం వేరే సంగతి.

8. రోజుకో ఆకారం ఇవ్వండి

మనసు బాగైతే పని చేద్దామనుకుంటే డిప్రెషన్‌లో ఆ రోజు రాదు. పని ముందు, మనసు తర్వాత. రోజుకు రెండే పెట్టుకోండి: ఒకటి ఒంటి కోసం, ఒకటి మనసుకు నచ్చింది. పొద్దున గడ్డం తనే గీసుకోవడం, సాయంత్రం అరుగు మీద అరగంట కూర్చోవడం. నొప్పి తగ్గిన రోజు ఎడాపెడా చేసి మర్నాడు మంచం పట్టవద్దు, నొప్పి ఉన్న రోజు పూర్తిగా మానవద్దు. గంటసేపు కూర్చోగలిగితే నలభై నిమిషాలకే ఆపి, వారానికి కొద్దికొద్దిగా పెంచండి.

కౌన్సెలింగ్‌లో ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే సీబీటీ పద్ధతి డిప్రెషన్‌కూ దీర్ఘకాల నొప్పికీ ఉపయోగపడుతుంది, ఫోన్లోనూ తీసుకోవచ్చు. డిప్రెషన్ మాత్రలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వారానికే పనిచేయలేదని మానేయవద్దు. డబ్బు దిగులు మాత్రలతో పోదు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), పింఛను దరఖాస్తు మొదటి నెలల్లోనే పెట్టండి.

9. చచ్చిపోవాలనే మాట వస్తే

సూటిగా అడగండి: ‘చనిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?’ అడిగితే లేని ఆలోచన పుట్టదు. చాలామందికి ఎవరో అడిగారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలవద్దు. పురుగుల మందు ఇంట్లోంచి, కొట్టంలోంచి తీసేయండి. మందుల డబ్బా వేరొకరి దగ్గర ఉంచి, ఏ పూటకాపూట ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే, చేసుకునేలా ఉంటే 108, లేదా దగ్గరి క్యాజువాలిటీ.

10. చూసుకునే మనిషిని కూడా అడగండి

రాత్రి నాలుగుసార్లు లేచే భార్యకు, అరవై ఏళ్ల వయసులో కొడుకును ఎత్తి కూర్చోబెట్టే అమ్మకు ఎలా ఉందని ఎవరూ అడగరు. మనసు కుంగి ఉందా, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయిందా అనే ఆ రెండు ప్రశ్నలూ ఆమెకూ వేయండి. వారంలో ఒక పూట అన్నదమ్ములో, బావమరిదో వచ్చి కూర్చోవాలి. చూడ్డానికి వచ్చే బంధువులకు ముందే చెప్పండి: మంచం పక్కన ‘అయ్యో’లు వద్దు, వచ్చినవాళ్లు ఒక పని చేసి వెళ్లాలి.

11. తర్వాతిసారి ఓపీకి

అక్కడ మీకు దొరికేది అయిదు నిమిషాలు. నోటుపుస్తకం, వాడుతున్న మందులన్నిటి ఖాళీ అట్టలు, డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. ముందు చెప్పాల్సినవి మూడు వాక్యాలు: ‘నాకు మంట రకం నొప్పి ఫలానా చోట పదికి ఇంత. భుజం నొప్పి వేరు, పదికి ఇంత. రెండు వారాలుగా దేని మీదా మనసు లేదు.’ మూడో వాక్యం చెప్పడానికి నోరు రాకపోతే కాగితం మీద రాసి బల్ల మీద పెట్టండి.